ఫతే మైదాన్ చుట్టుపక్కల

బషీర్‌బాగ్‌లో పెద్ద మ్యాచ్ ఉందంటే ముందు రోజు సాయంత్రమే మా గల్లీ మూలకు వెదురు బొంగులు వచ్చి పడేవి. వాటి వెంట కొబ్బరి తాళ్ల చుట్టలు, ఒక బల్ల, రెండు స్టూళ్లు. సైకిల్ స్టాండ్ లేస్తోందన్నమాట. ఏ జట్టులో ఎవరున్నారో పేపర్లు రాసేవి గానీ, జనం ఎంతమంది వస్తారో ఆ బొంగుల్ని చూస్తేనే తెలిసేది. రంజీ మ్యాచ్‌కైతే అసలు బొంగులే దిగవు. వచ్చిన నలుగురూ సైకిళ్లు స్టేడియం గోడకే ఆనించి లోపలికి పోయేవాళ్లు. మొయినుద్దౌలా కప్పుకు ఒక వరస. విదేశీ జట్టు వచ్చి సౌత్ జోన్ మీద ఆడితే రెండు వరసలు. టెస్టు మ్యాచ్ అంటే మాత్రం గల్లీ మొదలు నుంచి చింతచెట్టు దాకా రెండు పక్కలా తాళ్లు కట్టాల్సిందే, పాలబ్బాయి సైతం సైకిల్ దిగి నడిపించుకుంటూ రావాల్సిందే.

1967లో ఆ స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. మా ఇంట్లో మాత్రం చాలాకాలం అది ఫతే మైదానే. ఎదురుగా నిజాం కాలేజీ, ఒక పక్క పోలీస్ కంట్రోల్ రూమ్, ఇంకో పక్క గన్‌ఫౌండ్రీ బళ్లు. నాలుగడుగులేస్తే అబిడ్స్. చాపెల్ రోడ్డు, చిరాగ్ అలీ లేన్, కింగ్ కోఠి, హైదర్‌గూడ, ఇవన్నీ కాపురాలుండే వీధులు. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు నడుచుకుంటూ వచ్చేసేవాళ్లు. ఇవాళ ఎక్కడైనా స్టేడియం కడతామంటే ముందుగా అడిగేది ఎన్ని కార్లు పడతాయని. ఫతే మైదాన్‌ను ఆ మాట ఎవరూ అడగలేదు. అడిగినా చూపించడానికి స్టేడియం దగ్గర జాగా లేదు. ఆ జాగా మా గల్లీల్లో ఉంది, మా వాకిళ్లలో ఉంది.

అక్కడ మొదటి టెస్టు 1955 నవంబరులో జరిగింది. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో మనవాడొకడు రెండొందలు దాటడం అదే మొదలు. మా నాయిన ఆ ఇన్నింగ్స్ చూశాడు. చూశాడన్నమాటే గానీ, ఆయన నోటి వెంట ఉమ్రీగర్ కన్నా తన రాలీ సైకిల్ ముచ్చటే ఎక్కువ వచ్చేది. స్టాండ్లన్నీ నిండిపోతే గన్‌ఫౌండ్రీలో ఒక దర్జీ షాపు ముందు ఆగి, “భాయ్, జర ఇక్కడ పెట్టనిస్తవా?” అని అడిగాడట. దర్జీ సరేనన్నాడు. ఆట అయ్యాక నాయిన మిత్రులతో మాటల్లో పడి చీకటిపడ్డాక గానీ వెళ్లలేదు. దర్జీ షాపు కట్టకుండా కూర్చుని ఉన్నాడు. “మీ సైకిల్ కోసం నా పెళ్లాం చేతిలో తిట్లు తినాలె” అని నిష్ఠూరమాడి, దానికి జరిమానాగా చాయ్ తాగించుకున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో మగవాళ్ల చొక్కాలన్నీ ఆయనే కుట్టాడు, నా పెళ్లి సూటుతో సహా.

మా గల్లీ స్టాండ్ నడిపేది వాడకట్టులోని ఒక ముసలాయన. మామూలు రోజుల్లో గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చేవాడు. మ్యాచ్ రోజు ఆ సైకిళ్లన్నీ లోపల పడేసి, మందిచ్చిన సైకిళ్లకు కాపలా కాసేవాడు. చిట్టీలు ముందు రాత్రే తయారయ్యేవి. పాత పెళ్లి పత్రికలు కోసి, ఒకే నంబరు పైనా కిందా వేసి, మధ్యలో వంకరటింకరగా ఒక గీత గీసేవాడు. చింపితే ఆ గీత రెండు ముక్కల మీదా సగం సగం పడేది. ఒక ముక్క దారంతో బ్రేకు కడ్డీకి కట్టి, రెండోది మన చేతిలో పెట్టేవాడు. “చిట్టీ పైలం బిడ్డా” అనేవాడు అందరితోనూ, సెక్రటేరియట్ పెద్ద గుమాస్తాలతో కూడా. సాయంత్రం నంబర్లు కలిస్తే చాలదు, గీత గీతకు అతకాలి. దొంగ చిట్టీతో వచ్చినవాడు అక్కడ దొరికిపోయేవాడు.

గాలి పంపు, సీటు కవరు లాంటి ఊడొచ్చే సామాన్లన్నీ బల్ల కింద చెక్కపెట్టెలో పడేవి. డైనమో మాత్రం ఊడదీసేవాడు కాదు, చీకటిపడ్డాక దీపం లేని సైకిల్‌ను పోలీసులు ఆపుతారని. ఆయన అసలు విద్య ఆట ముగిశాక చూడాలి. వందల మంది ఒక్కసారి వచ్చి మీద పడేవాళ్లు. హ్యాండిళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, ఒక్క సైకిల్ లాగితే వరసంతా కదిలొచ్చేది. అందుకని ఆయన ఎవర్నీ తాడు దాటనిచ్చేవాడు కాదు. అబిడ్స్ వైపు పోయేవాళ్లు ఇటు, నారాయణగూడ వైపు పోయేవాళ్లు అటు అని పొద్దున పెట్టేటప్పుడే అడిగి, వరసలు విడదీసి ఉంచేవాడు. ఏ ట్రాఫిక్ ఇంజనీరూ ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు పార్కింగ్ ఏ, బీ, సీ అని బోర్డులు పెట్టి మ్యాపులు గీస్తున్నారు గానీ, తిరిగి ఎటు పోతావని వచ్చేటప్పుడే అడిగినవాణ్ణి మళ్లీ నేను చూడలేదు.

స్కూటర్లకు తాళ్ల వరస పనికిరాదు. లాంబ్రెట్టాలు, వెస్పాలు, తర్వాత్తర్వాత చేతక్‌లు, మన ఆల్విన్ వాళ్ల పుష్పక్‌లు, వీటికి ఇళ్ల ఆవరణలే కావాలి. మేం అద్దెకున్న ఇంటి మాలిక్ సాబ్‌కు విశాలమైన ముంగిలి ఉండేది, మధ్యలో ఎండిన ఫౌంటెన్, పక్కన దానిమ్మ చెట్టు. మ్యాచ్ రోజు ఆయన షేర్వానీ వేసుకుని దర్వాజ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు. ఒక్కటే ప్రశ్న: “కిస్‌కే ఆద్మీ హై?” ఎవరి మనిషివో చెప్పాలి. పలానా వకీలు సాబ్ తమ్ముణ్ణి, పలానా డాక్టరు గారి కాంపౌండర్ని అంటే చాలు, బండి లోపలికి. ఎవరి పేరూ చెప్పలేనివాడికి ఎంత ఇస్తానన్నా తలుపు తెరిచేది కాదు. ఇందులో అన్యాయం లేదని నేననను. ఊరికి కొత్తగా వచ్చినవాడు, పెద్దల ఎరుక లేనివాడు ఎండలో బండి పెట్టుకుని, వచ్చేసరికి స్టెప్నీ పోగొట్టుకునేవాడు. మాలిక్ సాబ్ ముంగిట్లో పెట్టిన బండి మీద దానిమ్మ పూలు రాలడం తప్ప ఇంకో నష్టం ఉండేది కాదు.

ఆ ముంగిట్లోకి బండి ఒక్కటే రాదుగా. దాంతోపాటు టిఫిన్ క్యారియర్ వచ్చేది. పొద్దున్నే స్టేడియంలోకి మోసుకెళ్లే బదులు మా వరండాలో నీడకు పెట్టి, లంచ్ టైముకు వచ్చి తినేవాళ్లు. మా అమ్మ చాప పరిచి, కుండలో నీళ్లు నింపి పెట్టేది. ఒకరి పులిహోర ఇంకొకరి చపాతీలతో కలిసేది. కీమా డబ్బా తెచ్చినవాళ్లు మా అమ్మ ముఖం చూసి వరండా చివరకు జరిగి కూర్చునేవాళ్లు; అమ్మ కూడా చూసీ చూడనట్టు వాళ్ల ముందుకు నీళ్ల చెంబు తోసేది. నలభై నిమిషాల్లో అంతా అయిపోవాలి. చేతులు కడిగిన నీళ్లు దానిమ్మ చెట్టుకు.

1969 టెస్టు నాటికి నేను బళ్లో ఉన్నాను. ఇంట్లో సీజన్ టికెట్ ఒకటి, ఆశపడేవాళ్లు ముగ్గురు. అప్పటి సీజన్ టికెట్ పొడుగాటి పట్టీలా ఉండేది, రోజుకో ముక్క. పొద్దున మా పెద్దన్న సైకిల్ మీద వెళ్లి లంచ్ దాకా చూసేవాడు. లంచ్‌కు బయటికొచ్చి, కటకటాల దగ్గర టికెట్ ముక్క, సైకిల్ చిట్టీ రెండూ నా చేతిలో పెట్టి, ఎవరు అవుటయ్యారో గడగడా చెప్పి నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు. గేటు మనిషికి తెలుసు. తెలిసినా, పొద్దున పొడుగ్గా ఉన్నవాడు మధ్యాహ్నానికి పొట్టిగా ఎట్లా అయ్యాడని ఒక్కసారి కూడా అడగలేదు. టీ టైముకు మా చిన్నాయన ఆఫీసు ఎగ్గొట్టి వచ్చి నన్ను బయటికి లాగేవాడు. సాయంత్రం సైకిల్ ఆయన తొక్కుకుంటూ వచ్చేవాడు. అలా ఒకే టికెట్ మీద, ఒకే చిట్టీ మీద ఇంటిల్లిపాదీ టెస్టు చూశాం. ముగ్గురం చూసిన ముక్కలు రాత్రి భోజనాల దగ్గర అతికించుకుంటే గానీ ఆట పూర్తయ్యేది కాదు. ఆఖరి రోజు ఇండియా ఏడు వికెట్లకు 76 మీద ఓటమి అంచున ఉండగా వాన కొట్టింది. స్టేడియంలోంచి పరుగెత్తుకొచ్చిన జనంతో మా గల్లీలో అరుగులన్నీ నిండిపోయాయి. ఊరూ పేరూ తెలియనివాళ్లు మా వంటింటి గుమ్మం దాకా నిలబడ్డారు. వాన ఆగకూడదని మొక్కుకున్నవాళ్లు, ఆగితే సైకిల్ తీసుకుని పోదామని చూసేవాళ్లు, ఇద్దరూ ఒకే చూరు కింద.

అప్పట్లో టెస్టుకు మధ్యలో విశ్రాంతి దినం ఒకటుండేది. దాన్ని ఎత్తేసినందుకు ఆటగాళ్లు ఏమనుకున్నారో గానీ మా చుట్టాలకు మాత్రం పెద్ద దెబ్బ. జనగామ నుంచి పొద్దుటి రైల్లో మూటాముల్లెతో దిగేవాళ్లు మ్యాచ్ పేరు చెప్పి వారం ఉండేవాళ్లు. ఆట లేని రోజు పిల్లల్ని తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకో, జూపార్కుకో. మధ్యలో డబుల్ డెక్కర్ పై అంతస్తులో ముందు సీటు కోసం తగువు. క్రికెట్ అంటే ఏమిటో తెలియని మా మేనత్తకు ‘మ్యాచుకు పోయిన’ అంటే ఆ బస్సు ప్రయాణమే.

ఇంటి ఆడవాళ్ల మాట వేరేగా ఉండేదని కూడా చెప్పాలి. అయిదు రోజులూ గోడల వెంట మూత్రం కంపు. వాకిట్లో ముగ్గు వేసిన పది నిమిషాలకు దాని మీద చెప్పులు. బత్తాయి తొక్కలు, పల్లీ పొట్టు, సిగరెట్ పీకలు ఊడ్చి ఊడ్చి చేతులు పడిపోయేవి. రోడ్డుకడ్డంగా పోలీసులు తాడు కడితే కూరగాయల బండి లోపలికి రాదు, రిక్షా రాదు. మా ఎదురింటి కోడలికి ఒక మ్యాచ్ రోజు నొప్పులు మొదలైతే రిక్షా మూల మీదే ఆగిపోయింది. తాడు ఎత్తడానికి పై అధికారి రావాలన్నాడు కానిస్టేబుల్. స్టాండ్ ముసలాయన ఒక్క మాట మాట్లాడకుండా కత్తితో ఆ తాడు కోసేశాడు. పోలీసు తాడు ఒకటి, ఆయన సొంత తాళ్లు నాలుగు. సైకిళ్లు కూలిపోతూ ఉంటే, వాటి మీంచి రిక్షా దాటించారు. ఆడపిల్ల పుట్టింది. ఆ సాయంత్రం ఎవరి సైకిల్ ఎవరిదో తేల్చేసరికి రాత్రి భోజనాల వేళ దాటింది, అయినా ఆయనతో తగువు పెట్టుకున్నవాడు లేడు.

1987 మార్చి 20న పాకిస్తాన్‌తో వన్డే. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను, టికెట్ దొరకలేదు, నిజాం కాలేజీ దగ్గర పేవ్‌మెంటు మీద ఎవరి ట్రాన్సిస్టరో చెవినబెట్టుకుని నిలబడ్డాను. లోపల కేక లేస్తే బయట కామెంటరీ ఒక క్షణం వెనకాల వచ్చేది. ఆఖరి బంతికి అబ్దుల్ ఖాదిర్ రెండో పరుగుకు పోయి రనౌట్ అయ్యాడు. మనమూ 212, వాళ్లూ 212. కేకలైతే లేచాయి గానీ, గెలిచామా, టై అయిందా అన్నది సగం మందికి తెలియదు. గేట్లలోంచి జనం రోడ్డు మీదికొచ్చి అక్కడే ఆగిపోయారు. ఒక ఆర్టీసీ డ్రైవరు బస్సు నడిరోడ్డు మీద ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి “ఎవరు గెలిచిన్రన్నా?” అని అడిగాడు. తక్కువ వికెట్లు పోయినవాళ్లదే గెలుపు, మనవి ఆరు, వాళ్లవి ఏడు అని ఒకాయన వేళ్లు ముడిచి చూపిస్తూ వివరించాడు. డ్రైవరు వెనక్కి తిరిగి బస్సులోవాళ్లకు చెప్పాడు. వాళ్లలో ఒకడు ఒప్పుకోలేదు. వెనకాల సెట్విన్ బస్సులు, స్కూటర్లు, రిక్షాలు ఆగిపోయి ఉన్నాయి, హారన్ కొట్టేవాడు లేడు, ఎందుకంటే వాళ్లకీ ఆ సంగతే కావాలి. ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా తన గొడుగు దిమ్మె దిగొచ్చి వింటున్నాడు. హైదరాబాదులో అంత సంతోషంగా ఆగిపోయిన ట్రాఫిక్ మళ్లీ నా కంటబడలేదు.

ఆ తర్వాత అది మారడం ఒక్కరోజులో జరగలేదు. స్టేడియం ఉప్పల్‌కు పోవడంతో అంతా అయిపోయిందని మా ఈడువాళ్లు అంటుంటారు. నేనొప్పుకోను. అంతకు ముందే అయిపోయింది. తొంభైల్లో మాలిక్ సాబ్ కొడుకులు ఆ ఇల్లు అమ్మారు. దానిమ్మ చెట్టు ఉన్నచోట అయిదంతస్తులు లేచాయి. ముంగిలి లేని ఇంటికి ఎవరి మనిషివని అడిగే దర్వాజ ఎక్కడిది? సైకిళ్లు పోయి బైకులు, బైకులతోపాటు కార్లు. స్టాండ్ ముసలాయన వరసలో పాతిక సైకిళ్లు నిలిచే జాగాలో రెండు కార్లు పెడితే మూడోది తిరగదు. 1999 నవంబరులో సచిన్ 186, ద్రావిడ్ 153 కొట్టి న్యూజిలాండ్ మీద 331 పరుగుల భాగస్వామ్యం నిలబెట్టిన రోజున నేను లోపలే ఉన్నాను. వన్డేల్లో అప్పటికి ఎవరూ అంత పెద్ద భాగస్వామ్యం చూడలేదు. పొద్దున మాత్రం నా సొంత గల్లీలో నా బండి పెట్టడానికి చోటు లేదు. ప్రతి గోడ మీదా ‘నో పార్కింగ్’. కొన్ని గేట్ల ముందు రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. రాళ్లు పెట్టినవాళ్లను తప్పు పట్టలేను, అంతకు ముందు మ్యాచ్‌కు ఒకడు గేటుకడ్డంగా కారు పెట్టి తాళాలతో సహా లోపలికి పోయాడు.

2003 నవంబరులో అక్కడ ఆఖరి వన్డే జరిగింది. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో ఉప్పల్‌లో మొదలు. అప్పట్లో ఉప్పల్ అంటే ఊరి చివర. జాగా ఉంది, రోడ్డు వెడల్పుంది, ఇళ్ల వాళ్ల గొడవ ఉండదు అనుకున్నారు. ఇళ్లు ఆగుతాయా? హబ్సిగూడ, రామంతాపూర్, నాగోలు వైపు నుంచి కాలనీలు వచ్చి చుట్టుముట్టాయి. ఇప్పుడు ఐపీఎల్ సాయంత్రాల్లో వరంగల్ రోడ్డు మీద లారీలు మళ్లిస్తారు, ఆఫీసుల నుంచి ఇంటికి చేరేవాళ్లు బ్రేకు మీద కాలు తియ్యకుండా గంట గడుపుతారు. స్టేడియంలోకి తేకూడని వస్తువుల జాబితాలో హెల్మెట్ కూడా ఉంటుంది. బండి మీద రావాలంటే అది లేకుండా రాకూడదు, లోపలికి పోవాలంటే దానితో పోకూడదు. పెట్టెలో దాచే ముసలాయన లేడు కాబట్టి బండి అద్దానికి తగిలించి దేవుడి మీద భారం వేయడమే.

మంచి మాట కూడా ఉంది. 2017 చివర్లో మెట్రో వచ్చింది, స్టేడియం పేరుతో స్టేషనే పెట్టారు. మ్యాచ్ రాత్రుల్లో అర్ధరాత్రి దాటేదాకా రైళ్లు నడుపుతున్నారు. నాంపల్లిలో దిగి నడిచొచ్చిన మా జనగామ చుట్టాల మనవళ్లు ఇప్పుడు అమీర్‌పేటలో ఎక్కి ఉప్పల్‌లో దిగుతున్నారు, మూటల బదులు చొక్కాల వెనక ఆటగాళ్ల పేర్లు.

మ్యాచ్‌లు పోయినా బషీర్‌బాగ్‌లో ట్రాఫిక్ ఆపడం మాత్రం మానలేదు. 1983 జనవరిలో ఎన్టీ రామారావు ప్రమాణ స్వీకారం ఫతే మైదాన్‌లోనే జరిగింది, 2004లో రాజశేఖరరెడ్డిది అక్కడే, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డిది అక్కడే. అలాంటి రోజుల్లో జిల్లాల నుంచి వచ్చిన బస్సులు నిజాం కాలేజీ దాకా బారులు తీరి ఉంటాయి.

మా చెల్లెలు హబ్సిగూడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. ఐపీఎల్ షెడ్యూలు వచ్చిందంటే మేనల్లుళ్లు, మరదులు, వాళ్ల ఆఫీసు మిత్రులు వరసగా ఫోన్లు చేస్తారు, “అత్తా, కారు మీ సెల్లార్‌లో పెట్టుకుంటం” అని. అసోసియేషన్ వాళ్లు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు: మ్యాచ్ రోజుల్లో బయటి వాహనాలు అనుమతించబడవు. కిందటి సీజన్‌లో వాచ్‌మన్ కళ్లుగప్పి మా అన్న కొడుకు కారు దించితే, సెక్రటరీ వచ్చి టైర్లకు గొలుసు వేయించాడు. అప్పటి నుంచి చెల్లెలు అందరికీ ఒకటే చెబుతోంది: “మెట్రోల రాండ్రి, ముందుగాల ఇంటికొచ్చి అన్నం తిని పోండ్రి, రాత్రి ఎంత లేటైనా తలుపు తీస్త. కారుల వస్తె మాత్రం ఫోన్ ఎత్త.”